లెక్కల మాస్టారి పరుగు

జగ్గయ్యపేట సెయింట్ ఆంబ్రోస్ బాలుర ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే జీవరత్నం మాస్టారికి ఒక జబ్బు ఉంది. బీపీ కాదు, షుగరు కాదు. కుళ్లు. ఆ మాట ఆయన మొహం మీద అనగలిగిన మనిషి ఊరు మొత్తానికి ఒక్కరే, ఆయన భార్య జయమణి. వత్సవాయి ప్రభుత్వాసుపత్రిలో నర్సు కాబట్టి జబ్బుల పేర్లు మొహమాటం లేకుండా చెప్పడం ఆమెకు అలవాటే.

అలాగని ఆయన్ని చెడ్డవాడనుకోకండి. అసలు ఆ కుళ్లే లేకపోతే ఆయన మాస్టారు అయ్యేవాడు కాదు, తండ్రి బాలస్వామి వెంట వత్సవాయి చేలల్లో పత్తి మూటలు మోస్తూ ఉండిపోయేవాడు. చిన్నప్పుడు పక్క బెంచీ కుర్రాడికి తనకంటే రెండు మార్కులు ఎక్కువొస్తే ఆ పూట అన్నం సహించేది కాదు. వాడిని దాటేదాకా పుస్తకం దించేవాడు కాదు. ఆంబ్రోస్ బోర్డింగులో చేరాక, సాయంత్రం పిల్లలంతా గ్రౌండులో దుమ్ము రేపుతుంటే ఈయన వరండా మెట్ల మీద కూర్చుని లెక్కలు చేసుకునేవాడు. ఎవరైనా ఆటకు పిలిస్తే "టైం లేదు" అనేవాడే తప్ప "నాకు రాదు" అన్న పాపాన పోలేదు. రాకపోవడం వేరు, రాదని ఒప్పుకోవడం వేరు. అలా ఒకరిని చూసి ఏడుస్తూ టెన్త్‌లో స్కూలు ఫస్టు వచ్చాడు, నందిగామలో ఇంటరు చదివాడు, విజయవాడలో బీయస్సీ, బీఈడీ కానిచ్చి, తిరిగొచ్చి అదే బడిలో ఉద్యోగంలో చేరాడు. "మా ఆయన ఏడ్చి ఏడ్చి పైకొచ్చిన మనిషి" అని జయమణి చుట్టాల్లో చెబుతుంటుంది. వాళ్లు అది పేదరికం గురించి అనుకుని జాలిపడుతుంటారు.

బడిలో ఆయన మాటకు తిరుగులేదు. టెన్త్ లెక్కల్లో పిల్లాడు తప్పాడంటే అది ఆయన పరువు తీసినట్టే లెక్క. ఆయన వరండాలో నడిచొస్తుంటే క్లాసులు వాటంతటవే మూగబోతాయి. ఇది గౌరవమేనని ఆయన చాలా ఏళ్లు నమ్మాడు. కొండలరావు వచ్చాకే అనుమానం మొదలైంది.

కొండలరావు డ్రిల్లు మాస్టారు. గరికపాడు మనిషి. తండ్రి చెక్‌పోస్టు దగ్గర దాబా హోటలు నడిపేవాడు. లారీ డ్రైవర్ల మధ్య పెరిగినందువల్లనేమో, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతాడు. కబడ్డీ ఆడీ ఆడీ ఎడమ మోకాలు పాడుచేసుకున్నాడు, కొంచెం కుంటుతాడు. ఇద్దరూ ఆడపిల్లలే. జీవరత్నం గారి ఒక్కగానొక్క కొడుకు ఎడ్విన్ ఆరో తరగతిలో చేరిన ఏడే ఆయనా బడిలో చేరాడు. ఆయన గేటులోకి వస్తుంటే పిల్లలు మూగబోరు. సైకిలు స్టాండు దగ్గర్నుంచే మీద పడిపోతారు. సంచీ ఒకడు లాక్కుంటాడు, విజిలు ఒకడు ఊదుతాడు. స్టాఫ్ రూం కిటికీలోంచి జీవరత్నం ఇదంతా చూసి, "క్రమశిక్షణ అనేది ఒకటుంటుంది" అని గోడకు చెప్పేవాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. తండ్రీకొడుకుల రిలే వచ్చి మంట మీద కిరసనాయిలు పోసింది.

ఆంబ్రోస్ బడికి డిసెంబరులో పండుగ. పొద్దున చర్చిలో పూజ, ఆ తరువాత సాయంత్రం దాకా ఆటలు. అందులో తండ్రీకొడుకుల రిలే అని ఒకటుంది. ఎప్పుడో ఒక పాత హెడ్‌మాస్టరు ఫాదర్ పెట్టిన ఆచారం అది. కూలికి పోయే తండ్రి బడిమెట్లు ఎక్కేది రెండు పనులకేనని, ఫీజుకు గడువు అడగడానికీ కొడుకు చేసిన వెధవపనికి తిట్లు తినడానికీ అని, ఏడాదికి ఒక్క రోజైనా నవ్వుతూ రావాలని ఆయన పెట్టారట. కొడుకు సగం చుట్టు పరిగెత్తి, గీత దాటకుండానే చేతిలోని రిలే కర్రను తండ్రికి అందిస్తాడు, మిగతా సగం తండ్రి పరిగెడతాడు. తండ్రి లేని పిల్లలకూ, తండ్రి రాని పిల్లలకూ ఎవరో ఒక మాస్టారు ఆ చోట నిలబడతాడు. పంచెలు ఎగ్గట్టిన తండ్రులు, ప్యాంట్లు మడిచిన తండ్రులు పడుతూ లేస్తూ పరిగెత్తుతుంటే గ్రౌండంతా నవ్వులే.

ఆ రోజు జీవరత్నం ఉండేది షామియానా కింద బల్ల దగ్గర. ఉద్యోగంలో చేరిన ఏడు నుంచీ అంతే. చేతిలో స్టాప్‌వాచీ, ముందు మైకు, నాలుగు హౌసుల పాయింట్లు నోటితోనే కూడేసే నేర్పు. ఎడ్విన్ ఆరో క్లాసులో మొదటిసారి రిలేకి నిలబడి బల్ల వైపు చూశాడు. జీవరత్నం చేత్తో స్టాప్‌వాచీ చూపించాడు, పని ఉందన్నట్టు. నిజానికి ఆ పని ఇంకెవరైనా చేస్తారు. తనను చూస్తే వణికే నాలుగు వందల మంది పిల్లల ముందు, ఏనాడూ పరిగెత్తి ఎరగని ఆ కాళ్లేసుకుని పరిగెత్తడానికి ఆయనకు భయం.

విజిలు పడే సమయానికి ఎడ్విన్ కోసం అవతలి గీత దగ్గర కొండలరావు నిలబడి ఉన్నాడు. కర్ర అందుకుని కుంటికాలితోనే పరిగెత్తి నాలుగో వాడిగా వచ్చాడు. వస్తే వచ్చాడు, ఎడ్విన్ అడ్డంగా పరుగెత్తుకొచ్చి ఆయన వీపు మీదికి ఎక్కేశాడు! జీవరత్నం పాయింట్లు కూడుతూ మొదటిసారి తప్పు కూడాడు. తన కొడుకు ఏనాడూ తన వీపెక్కలేదు. ఎక్కమని ఈయన వంగిందీ లేదనుకోండి, కానీ కుళ్లు అనేది న్యాయం చూడదు కదా.

ఏడులోనూ కొండలరావే. ఎనిమిదిలోనూ, తొమ్మిదిలోనూ ఆయనే. ఇంట్లో అన్నం దగ్గర కూడా ఆయనే.

"మాస్టారు చెప్పారు, పరిగెత్తే రోజు పప్పు ఎక్కువ తినకూడదంట."

"మాస్టారు చెప్పారు, ఓడిపోతే తల దించుకోకుండా గెలిచినోడికి చెయ్యివ్వాలంట."

"మీ మాస్టారు లెక్కలు కూడా చెబుతాడేంటి?" అన్నాడు ఒకసారి జీవరత్నం, ముద్ద కలుపుతూ.

"లెక్కలు మీరు చెబుతారు కదా" అన్నాడు ఎడ్విన్ అమాయకంగా.

జయమణి మజ్జిగ పోస్తూ నవ్వు ఆపుకుంది. ఆ నవ్వుకి ఇంకా మండింది ఆయనకు.

ఎడ్విన్ టెన్త్‌లోకి వచ్చాక జీవరత్నం చేతికి ఒక ఆయుధం దొరికింది. బోర్డు పరీక్షల పేరు చెప్పి టెన్త్ పిల్లల డ్రిల్లు పీరియడ్లన్నీ లెక్కలకు లాగేసుకున్నాడు. కొండలరావు గొడవపడతాడని, పడితే హెడ్‌మాస్టరు ముందు పెట్టి చూసుకోవచ్చని ఎదురుచూశాడు. ఆయన పడలేదు. "తీస్కోండి సార్, పిల్లగాళ్లకి మార్కులు రావాలె గదా" అని వెళ్లిపోయాడు. ఆ మాటలో వెటకారం వెతికి వెతికి, దొరక్క, జీవరత్నం రెండు రోజులు చిరాకుపడ్డాడు. అయినా ఎడ్విన్ తెల్లవారకముందే లేచి, బడికి ముందు కొండలరావు దగ్గర పరుగు నేర్చుకుంటూనే ఉన్నాడు.

అక్టోబరులో నందిగామలో స్కూళ్ల మధ్య పోటీలు జరిగాయి. ఎడ్విన్ పదిహేను వందల మీటర్ల పందెంలో పరిగెత్తుతున్నాడు. జీవరత్నం ఆ రోజు సెలవు పెట్టి, కంటి డాక్టరు దగ్గరికని ఇంట్లో చెప్పి, బస్సెక్కి నందిగామ వెళ్లాడు. గ్రౌండు గోడ పక్కన చెరుకురసం బండి వెనక నిలబడి చూశాడు. ఎడ్విన్ చివరి చుట్టులో ముగ్గుర్ని దాటి ఫస్టు వచ్చాడు. జీవరత్నం గొంతులోంచి తనకే తెలియకుండా ఒక కేక బయటికొచ్చింది. రెండడుగులు ముందుకు వేశాడు కూడా. అప్పటికే కొండలరావు తన భుజం మీది తువ్వాలుతో పిల్లాడి మొహం తుడుస్తున్నాడు. వాడు ఆయన భుజానికి తల ఆనించి రొప్పుతున్నాడు. జీవరత్నం వేసిన రెండడుగులూ వెనక్కి వేసి, రసం గ్లాసు సగంలో పెట్టేసి, జగ్గయ్యపేట బస్సెక్కాడు. దారి పొడుగునా ఆయనకు కొడుకు గెలుపు గుర్తు రాలేదు, ఆ తువ్వాలే గుర్తొచ్చింది.

మర్నాడు క్లాసులో ఎడ్విన్‌ని లేపి బోర్డు మీద తొమ్మిదో అధ్యాయంలోని కఠినమైన లెక్క చేయమన్నాడు. వాడు చేశాడు. ఇంకోటిచ్చాడు. అదీ చేశాడు. మూడోది తప్పాడు. "మెడలో పతకం ఉంటే సరిపోదు" అన్నాడు జీవరత్నం. క్లాసులో ఎవరూ నవ్వలేదు. అన్న మరుక్షణమే ఆయనకు సిగ్గేసింది, కానీ అన్న మాటను వెనక్కి తీసుకునే విద్య ఆయన నేర్చుకోలేదు.

నవంబరు చివర్లో పండుగ పనులు పంచడానికి స్టాఫ్ మీటింగు పెట్టారు. హెడ్‌మాస్టరు ఫాదర్ అలవాటు ప్రకారం "పాయింట్ల బల్ల, జీవరత్నం సార్" అనగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"బల్ల ఇంకెవరికైనా ఇవ్వండి ఫాదర్. ఈసారి మావాడితో రిలే నేనే పరిగెడతా. వాడికిది ఆఖరి ఏడు."

గదిలో అందరి చూపూ కొండలరావు మీదికి వెళ్లింది. ఇక్కడ దెబ్బ తగలాలి. జీవరత్నం ఇన్నాళ్లూ ఎదురుచూసింది దీనికోసమే.

కొండలరావు మొహం విప్పారింది. "మస్తుంటది సార్! నేను బోర్డింగు పిల్లగాడు రత్నబాబుతోని ఉరుకుతా. వానికి నాన్న లేడు గదా."

గుంజుకుందామని వచ్చినవాడికి ఎదురొచ్చి చేతిలో పెడితే ఎలా ఉంటుంది? జీవరత్నానికి అలా ఉంది. గెలిచానన్న సంతోషం కాస్తా దానం పుచ్చుకున్న అవమానంలా మారింది. అయితే సరే, గ్రౌండులో తేల్చుకుందాం అనుకున్నాడు. కొడుకుతో పరిగెత్తాలన్న కోరిక అక్కడే, ఆ కుర్చీలోనే, కొండలరావును ఓడించాలన్న పంతంగా మారిపోయింది.

మర్నాటి నుంచి తెల్లవారుతూనే సాగర్ కాలవ కట్ట మీద పరుగు మొదలుపెట్టాడు. బజార్లో తెల్లబూట్లు కొన్నాడు. కట్ట మీద గేదెలు తోలుకెళ్లేవాళ్లు "ఏం మాస్టారూ, కుక్క తరుముతోందా?" అని ఆగి మరీ అడిగారు. మొదట్లో కరెంటు స్తంభం నుంచి స్తంభానికి వెళ్లేలోపు ఆయాసం వచ్చేది. కొండలరావు కుంటికాలును కళ్ల ముందు పెట్టుకుని పరిగెత్తేవాడు. దానితో కాళ్లు వాటంతటవే కదిలేవి. పొట్ట కాస్త తగ్గింది. జయమణి ఆయన కాళ్లకు నొప్పుల నూనె రాస్తూ, "పిచ్చి ముదిరింది, రోకలి కూడా తెమ్మంటారా తలకు చుట్టడానికి?" అంది.

పండుగకు రెండు రోజుల ముందు కొండలరావు స్టాఫ్ రూంలోకి వచ్చి, "సార్, కర్ర మార్చుకునేది ఒక్కసారి ఎడ్విన్‌తోని చూసుకోండి. ఉరుకుడు కంటె అదే కష్టం. సాయంత్రం నేను చూపిస్త" అన్నాడు.

"కర్ర పుచ్చుకోవడం కూడా ఒకరు నేర్పాలా మాస్టారూ?" అన్నాడు జీవరత్నం, నవ్వినట్టే నవ్వి. "కొడుకిస్తాడు, తండ్రి తీసుకుంటాడు. ఇందులో సూత్రమేముంది?"

ఎడ్విన్ కూడా ఆ సాయంత్రం ఇంట్లో అడిగాడు. "ఒక్కసారి ప్రాక్టీస్ చేద్దామా నాన్నా, వాకిట్లో?" వాడి చేతిలో చపాతీ కర్ర ఉంది. మాస్టారు పంపించాడన్నమాట, అనుకున్నాడు జీవరత్నం. "చదువుకో పో" అన్నాడు. వాడు చపాతీ కర్రను వంటింట్లో పెట్టేసి వెళ్లిపోయాడు.

పండుగ రోజు వచ్చింది. గ్రౌండు చుట్టూ తల్లులు, తండ్రులు, ఐస్‌క్రీం బళ్లు. తండ్రుల గీత దగ్గర ఎనిమిది మంది నిలబడ్డారు. జీవరత్నానికి ఎడమ పక్కన సాంబయ్య అని పత్తి రైతు, చెప్పులు విప్పి పంచె బిగిస్తున్నాడు. కుడిపక్కన కొండలరావు. అవతలి గీత దగ్గర విజిలు పడింది, పిల్లలు కదిలారు. ఎడ్విన్ మొదటినుంచే ముందున్నాడు. రత్నబాబు అనే ఆ బోర్డింగు పిల్లాడు వాడి వెనకే గాలిలా వస్తున్నాడు.

కొండలరావు వెనక్కి తిరిగి చెయ్యి చాపి, "రారా, రా, రా!" అని అరుస్తున్నాడు. మిగతా తండ్రులందరూ తమ తమ పిల్లల వైపే చూస్తున్నారు. జీవరత్నం ఒక్కడు కొండలరావు కాళ్ల వైపు చూస్తున్నాడు. ఆ కాళ్లు ఎప్పుడు కదిలితే అప్పుడు, ఆ క్షణమే, తనూ కదలాలి. ఒక్క అడుగు కూడా వదలకూడదు. పిల్లలిద్దరూ గీతకు నాలుగడుగుల దూరంలోకి వచ్చేశారు. కొండలరావు మడమ లేచింది. అంతే, జీవరత్నం దూకాడు.

ఎంత పరిగెత్తాడంటే, చూసినవాళ్లు తరువాత ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. వెనక గోలగోలగా అరుపులు. "సార్! సార్!" అని గ్రౌండంతా మోగిపోతోంది. తన పేరు కాకపోయినా తనకోసమే అరుస్తున్నారని అర్థమై ఆయన ఛాతీ పొంగింది. పక్క వరుసలోంచి కొండలరావు కూడా ఏదో అరిచాడు. ఓర్వలేక అరుస్తున్నాడు, అనుకున్నాడు జీవరత్నం. మూలమలుపులో కొండలరావు వెనకబడ్డాడు. ఎదురుగా గులాబీ రిబ్బను. ఛాతీతో దాన్ని తెంపి, రెండు చేతులూ పైకెత్తాడు.

రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

అది ఆయనకంటే ముందు గ్రౌండు చూసింది. ముందు చిన్నపిల్లలు నవ్వారు, తరువాత నవ్వు ఆపుకోవాలని చూసిన తల్లులు నవ్వారు, ఆఖరికి ఫాదర్ కూడా జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నది ఎందుకో తెలియక జీవరత్నం కూడా కాసేపు నవ్వాడు. అంతలో సాంబయ్య పంచె ఒక చేత్తో, కర్ర ఒక చేత్తో పట్టుకుని గీత దాటాడు. ఆయన వెనక కొండలరావు దాటాడు. ఆ కర్రలు చూశాక జీవరత్నం తన చేతులు కిందికి దించి చూసుకున్నాడు. "మ్యాథ్స్ సార్ జోడీ రూలు ప్రకారం అవుట్" అని మైకులో చెప్పేశారు. ఇన్నేళ్లూ ఆ మైకులో ఆ ముక్క చెప్పింది ఆయనే.

తిరిగి చూస్తే, సగం చుట్టు గీత దగ్గర ఎడ్విన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంకా కాస్త ముందుకే ఉంది.

కొండలరావు అటు వెళ్లబోయి, జీవరత్నం మొహం చూసి ఆగిపోయాడు. రత్నబాబును తీసుకుని పక్కకు వెళ్లాడు. జీవరత్నం గ్రౌండు అడ్డంగా నడిచి కొడుకు దగ్గరికి చేరాడు. అవమానం నెత్తికెక్కి ఉంది. ఎవరో ఒకరి మీద పడకపోతే ఊపిరాడేలా లేదు.

"అరిస్తే నీ సొమ్మేం పోయింది? పిలవొచ్చు కదా!"

"పిలిచానండి. సార్, సార్ అని పిలిచా. గ్రౌండులో అందరూ సార్లే కదా" అన్నాడు ఎడ్విన్. బడి ఆవరణలో నాన్నా అని పిలవకూడదని, మాస్టారి కొడుకన్న మాట రాకూడదని ఆరో క్లాసులో రూలు పెట్టింది జీవరత్నమే.

ఇరుక్కున్నప్పుడల్లా జీవరత్నం నోటికొచ్చేది ఒకటే. "నీకు కావలసింది మీ మాస్టారే కదరా. ఆయన వచ్చి నిలబడితే కర్ర అందేది. ఆయన్ని తప్పించి నేనొచ్చాననేగా నీ బాధ?"

ఎడ్విన్ ఆయన వైపు వింతగా చూశాడు, అర్థం కాని లెక్కను చూసినట్టు.

"ఆయన్ని మీరు తప్పించారా?" అన్నాడు. "ఆరో క్లాసులో మాస్టారు నా దగ్గరికొచ్చి నీతో నేను పరిగెత్తనా అన్నారు. వద్దండీ, మా నాన్నొస్తారు అన్నా. సరే, వచ్చేదాకా ఆ చోట నేను నిలబడతా, రాగానే తప్పుకుంటా అన్నారు. విజిలు పడేదాకా మీ బల్ల వైపే చూశారాయన కూడా. ఏడులో అంతే, ఎనిమిదిలో అంతే. పోయినేడు, ఇంక మా నాన్న కోసం చూడొద్దని నేనే అన్నా. ఆయనే, ఇంకో ఏడుంది కదరా, వస్తారు చూడు అన్నారు. మీటింగులో మీరు చెప్పారంట కదా, ఆ సాయంత్రం మాకందరికీ మైసూర్ బజ్జీలు ఇప్పించారు."

వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది జీవరత్నానికి.

"ఇప్పుడు పరిగెడదాం రా" అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా.

"తాడు లాగుడు మొదలవుతోందండి. మా హౌసు వాళ్లు పిలుస్తున్నారు." ఎడ్విన్ కర్రను ఆయన చేతిలో పెట్టాడు. "స్టోర్ రూంలో ఇచ్చేయండి" అని చెప్పి అటు పరిగెత్తాడు.

జీవరత్నం కర్ర పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పిల్లాడి చేతి చెమటతో అది ఇంకా తడిగా ఉంది. షామియానా కింద ఆయన కుర్చీలో ఎవరో కూర్చుని పాయింట్లు కూడుతున్నారు. అవతల కొండలరావు కుంటుకుంటూ తాడు మోసుకొస్తున్నాడు. ఆయన్ని చూస్తే ఎప్పుడూ రేగే మంట కోసం జీవరత్నం అలవాటుగా లోపల వెతుక్కున్నాడు. అది ఉంది. పోలేదు. కాకపోతే కొండలరావు మీద కాదు. ఒక పిల్లాడు నాలుగేళ్లు ఎవరికోసం చోటు అట్టిపెట్టి, విజిలు పడేదాకా ఎవరి దారి చూశాడో, తను ఏనాడూ కాలేకపోయిన ఆ నాన్నను చూసి ఆయనకు కడుపు మండిపోయింది.